నాన్న ఫోన్‌లో చలాన్ ఏపీకే పడింది, రీసెట్ చేస్తే సరిపోతుందా?

చింతగింజ, రాయగడ

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మాది రాయగడ. మా నాన్న చింతపండు, అడ్డాకులు సంతల్లో కొని పార్వతీపురం, విజయనగరం పంపిస్తుంటాడు. పోయిన గురువారం సాయంత్రం ఆయన వాట్సాప్‌కి ఒక ఫైలు వచ్చింది. పంపింది ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు కాదు, వ్యాపారుల గ్రూపులో పదేళ్ల నుంచి తెలిసిన మనిషి. మీ బండికి 500 చలాన్ పడింది, వివరాలకి ఇది తెరవండి అని రాసుంది, కింద ఆర్టీఓ చలాన్ అనే పేరుతో ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్ ఎక్కించేది. మామూలుగా అయితే నాన్న ఇలాంటివి నన్ను అడక్కుండా ముట్టుకోడు. కానీ వారానికి రెండుసార్లు ఓడీ 18 నంబరు బండి వేసుకుని ఆంధ్రాలోకి వెళ్లొచ్చే మనిషి, పైగా అంతకు రెండు రోజుల ముందే దారిలో ఆపి బండికి ఫోటో తీసి పొమ్మన్నారట, ఇంక చలాన్ అంటే నమ్మకుండా ఎలా ఉంటాడు?

నొక్కాడు. తర్వాత ఏం జరిగిందో నాలుగుసార్లు అడిగితే ఇంత తేలింది. మొదట ఏదో హెచ్చరిక లాంటిది వచ్చింది, కింద నీలం అక్షరాలుంటే నొక్కాడు. తర్వాత ఒక చిన్న మీట పక్కకి జరపమంది, జరిపాడు. మళ్లీ ఒక పెట్టె వచ్చింది, దానికీ సరే అన్నాడు. అప్పుడు అశోక స్తంభం బొమ్మతో ఒక పేజీ తెరుచుకుంది, బండి నంబరు, పేరు, ఫోన్ నంబరు, ఆ తర్వాత ఒక్క రూపాయి కట్టి వెరిఫై చేసుకోమని ఏటీఎం కార్డు వివరాలూ పిన్నూ అడిగింది. అన్నీ కొట్టాడు. మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. ఆయనకి తెలుగు చదవడం వచ్చు, ఒడియా మాట్లాడడం వచ్చు, ఇంగ్లీషులో అంకెలు తప్ప ఏమీ రావు. అక్షరాల జోలికే పోలేదట, బటన్ రంగు చూసి నొక్కుకుంటూ పోయాడట.

ఆ రాత్రి 1.40కి 19,500, రెండు నిమిషాల తర్వాత 5,000 పోయాయి. ఒక్క మెసేజ్ కనపడలేదు. తెల్లారి సంతకి డబ్బు తీద్దామని వెళ్తే తెలిసింది. ఈలోపు ఆయన నంబరు నుంచే చుట్టాలందరికీ అదే ఫైలు వెళ్లిపోయింది. మా మేనత్త పొద్దున్నే ఫోన్ చేసి, ఏరా మాకు సైకిల్ కూడా లేదు, మాకెందుకు చలాన్ పంపారు అని అడిగింది. ఆవిడ అడక్కపోతే ఎంతమంది తెరిచేవారో.

ఇప్పుడు ఆ యాప్ ఐకాన్ ఎక్కడా కనపడట్లేదు. రీసెట్ కొడితే పోతుందా, లేక ఫోన్ మార్చాలా? బ్యాంకుకి వెళ్తే, పిన్ మీరే ఇచ్చుకున్నారు మేమేం చేస్తాం అన్నారు, అది నిజమేనా? ఇంకోటి, గూగుల్ వాళ్లు బయటి ఏపీకేలు ఆపేస్తున్నారని ఎక్కడో చదివాను, అది వస్తే ఈ గోల ఉండదా? నాన్న మాత్రం ఆ ఫోన్‌ని చూడనంటున్నాడు, బటన్ ఫోన్ కొనిమ్మంటున్నాడు. రెండు రోజులుగా అన్నం కూడా సరిగా తినట్లేదు.

ఒకటే మాట

ఐఫోన్ కొనివ్వు. ఏపీకే దాంట్లో ఎక్కదు. అంతే.

చింతగింజ

అడ్డాకుల కట్ట మీద ఎంత మిగులుతుందో తెలిస్తే ఈ మాట అనరు బాబూ. ఆయన ఫోన్ 8,000ది, అది కూడా రెండో చేతిది.

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

తమ్ముడూ, రీసెట్ సంగతి తర్వాత. ఆ సిమ్ ఇంకా అదే ఫోన్‌లో ఉందా? ఉంటే ఇది చదవడం ఆపి ముందు సిమ్ తీసెయ్, వైఫై కూడా కట్ చెయ్. సిమ్‌ని ఏదైనా బటన్ ఫోన్‌లో వేసి, దాంట్లోంచి బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ అన్నీ బ్లాక్ చేయించు. చాలామంది కంగారులో ముందు రీసెట్ కొట్టేస్తారు, అది పూర్తయ్యేలోపు అవతలివాడు ఇంకో పది వేలు లాగేస్తాడు, ఎందుకంటే వాడికి కావాల్సిన వివరాలన్నీ ఎప్పుడో చేరిపోయాయి, ఇంక వాడు చూసేది ఓటీపీ కోసమే.

అసలు ఏం జరిగిందో చెప్తాను. ఈ యాప్ బ్యాంకు యాప్‌ని పగలగొట్టేంత గొప్పదేమీ కాదు. దాని కన్నంతా మెసేజ్‌ల మీదే. నాన్న సరే అన్న ఆ పెట్టె ఎస్ఎంఎస్ పర్మిషన్. అది దొరికాక ఫోన్‌కి వచ్చే ప్రతి మెసేజూ వాడికి ఒక కాపీ వెళ్తుంది. యూపీఐలో కొత్త పిన్ పెట్టడానికి కావాల్సింది కార్డు మీది చివరి 6 అంకెలు, గడువు తేదీ, ఓటీపీ. మొదటి రెండూ ఆ ఒక్క రూపాయి పేజీలో నాన్నే రాసిచ్చాడు, మూడోది ఫోనే పంపింది. మెసేజ్ రాలేదన్నావు కదా, వచ్చే ఉంటుంది. ఈ యాప్‌లు కొన్ని తమని డిఫాల్ట్ మెసేజ్ యాప్‌గా పెట్టించుకుంటాయి, అలా పెట్టించుకున్నాక వచ్చిన మెసేజ్‌ని మనకి చూపించకుండా చెరిపేయగలవు. రాత్రి 1.40 అన్నావు చూడు, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి మనిషి నిద్రపోయే టైమ్ అది.

వాట్సాప్ సంగతి ఒకటి అడుగుతాను. మర్నాడు పొద్దున్న వాట్సాప్ దానంతట అదే లాగౌట్ అయి, మళ్లీ నంబరు అడిగిందా? అడిగితే, వచ్చిన 6 అంకెల కోడ్ చూసి వాడు తన ఫోన్‌లో నాన్న నంబరుతో వాట్సాప్ తెరిచాడన్నమాట. వెంటనే మళ్లీ మీ దగ్గర తెరిచి టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి. వాడే ముందు ఆ పిన్ పెట్టేసి ఉంటే 7 రోజులు ఆగాలి, వేరే దారి లేదు.

ఐకాన్ కనపడదు, దాచేసుకుంటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్ మొత్తం లిస్టు తెరిచి కిందిదాకా చూడు. పేరు లేకుండా ఖాళీగా ఉన్నదో, గూగుల్ సర్వీస్ లాంటి పేరుతో రెండోసారి ఉన్నదో కనపడుతుంది. అన్ఇన్‌స్టాల్ బటన్ పని చేయకపోతే డివైస్ అడ్మిన్ అనే చోట దానికి టిక్ ఉంటుంది, అది తీశాక పోతుంది. ఇదంతా చేసినా సరే చివరికి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు. ఇలాంటివి మనం ఎక్కించుకున్న మామూలు యాప్‌లే, రీసెట్‌తో పోతాయి, ఫోన్ పారేయక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి తీసేటప్పుడు వాట్సాప్ ఫోల్డర్ మొత్తం ఎత్తుకురాకు. డాక్యుమెంట్స్ అనే ఫోల్డర్‌లో ఆ ఏపీకే అలాగే కూర్చుని ఉంటుంది, రీసెట్ అయ్యాక అదే మళ్లీ తెచ్చి ఫోన్‌లో పెట్టుకున్నవాళ్లని చూశాను. జీమెయిల్ పాస్‌వర్డ్ వేరే ఫోన్‌లోంచి మార్చు.

గూగుల్ వార్త నిజమే, కానీ నువ్వనుకున్నట్టు కాదు. ఏపీకేలు మొత్తం ఆపరు. యాప్ తయారుచేసినవాడు ఎవరో గూగుల్ దగ్గర గుర్తింపు చూపించి నమోదు చేసుకోవాలి, లేకపోతే మామూలుగా ఇన్‌స్టాల్ కాదు. 2025 ఆగస్టులో ప్రకటించారు, 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలు, మిగతా దేశాలకి 2027 నుంచి. ఎఫ్ డ్రాయిడ్ లాంటి ఉచిత యాప్‌ల వాళ్లు గట్టిగా గొడవ చేశారు, దాంతో తెలిసినవాళ్లకి వేరే దారి ఉంచుతామని నవంబర్‌లో కాస్త తగ్గారు. నా మటుకు నాకు సగం సంతోషం, సగం చిరాకు. నా ఫోన్‌లో నేనేం పెట్టుకోవాలో అమెరికాలో ఒక కంపెనీ చెప్పడమేంటి అనిపిస్తుంది, మళ్లీ మీ నాన్న లాంటి వాళ్లని చూస్తే చెప్పనీ పోనీ అనిపిస్తుంది. కానీ గుర్తింపు కార్డు చూపించమంటే దొంగ ఆగిపోతాడా? మీ నాన్న ఆధార్ జిరాక్స్ ఇప్పటికి ఎన్ని కొట్లలో, ఎన్ని ఆఫీసుల్లో పడుందో ఒకసారి లెక్కపెట్టు. వాడికి కావాల్సింది అలాంటి ఒక్క జిరాక్సే.

ప్లే ప్రొటెక్ట్, అంటే చెడ్డ యాప్‌లని పట్టే గూగుల్ కాపలా, ఆన్‌లో ఉందేమో కూడా చూడు. నాన్న చూసిన మొదటి హెచ్చరిక అదే అయ్యుండొచ్చు, అలా అయితే పాపం ఫోన్ చెప్పాల్సింది చెప్పింది.

చింతగింజ

అన్నా, సిమ్ తీసేశాను. మీరన్నట్టే వాట్సాప్ పొద్దున్న మళ్లీ నంబరు అడిగిందట, అప్‌డేట్ అనుకుని కొట్టేశాడట. లిస్టులో కిందికి వెళ్తే నిజంగానే పేరు లేని యాప్ ఒకటి ఉంది, ఐకాన్ చోట తెల్లగా ఖాళీ. చూస్తే ఒళ్లు జలదరించింది. డిఫాల్ట్ మెసేజ్ యాప్ కూడా అదే.

పట్టుకొట్టు, బరంపురం

బ్యాంకు వాళ్లు చెప్పింది సగం నిజం. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. దాని ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగితే, 3 పనిదినాల్లో చెప్తే మన మీద నష్టం పడదు. మన అజాగ్రత్త వల్ల, అంటే పిన్ ఇవ్వడం లాంటివాటి వల్ల పోతే, మనం బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మనదే, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. కాబట్టి 24,500 గురించి పెద్దగా ఆశ పెట్టుకోకండి, కానీ ఏ రోజు ఏ టైముకి చెప్పారో కాగితం మీద ఉండాలి. నోటి మాటతో వచ్చేయకండి. అర్జీ రాసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వేయమంటే నసుగుతారు, అక్కడే నిలబడండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, డబ్బులేమీ అడగరు.

అంతకంటే ముఖ్యం 1930, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు. చేశారా లేదా? మీరు పోస్టులో ఎక్కడా రాయలేదు. పోయిన డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి, అక్కడి నుంచి ఏటీఎంకి గంటల్లో పోతుంది. మధ్యలో ఎక్కడైనా ఆగి ఉంటే దాన్ని పట్టి ఉంచేది ఆ ఫిర్యాదే. ఫోన్ కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టండి. అక్కడ రాష్ట్రం అడుగుతుంది, మనవాళ్లు తెలుగువాళ్లం కదా అని ఆంధ్రా నొక్కేసి తర్వాత తిరుగుతుంటారు, మీరు ఒడిశా నొక్కండి. లావాదేవీ నంబర్లు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి, అవి చేతిలో పెట్టుకుని కూర్చోండి.

ఇంకో సంగతి చెప్తాను, ఇది ఎవరూ చెప్పరు. పోయిన ఏడాది ఒక కస్టమర్ మా కొట్లో చీర కొని 2,300 యూపీఐ చేశాడు. నెల తర్వాత నా కరెంట్ ఖాతా ఆగిపోయింది. అడిగితే వేరే రాష్ట్రం పోలీసుల నుంచి వచ్చింది, ఆ 2,300 ఎవరో మోసపోయినవాళ్ల డబ్బట. నా 2,300 ఒక్కటే కాదు, ఖాతా మొత్తం. దసరా సీజన్. నేతగాళ్లకి డబ్బులివ్వాలి, ఇంట్లో అందరి ముందూ దొంగసొమ్ము తీసుకున్నట్టు మొహం. బిల్లు, సీసీటీవీ ఫోటో, జీఎస్టీ కాగితాలు మెయిల్ చేసి, బతిమాలి బామాలి, చివరికి 2,300 వరకే ఆపి మిగతాది వదలడానికి 41 రోజులు పట్టింది. మీ నాన్న డబ్బు కూడా ఇప్పటికి ఎవడో కిరాణా కొట్టువాడి ఖాతాలోకి వెళ్లే ఉంటుంది, వాడికీ ఏమీ తెలియదు. అలాగని ఫిర్యాదు చేయొద్దని కాదు. చేయండి. వ్యాపారానికి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా విడిగా పెట్టుకోమని మాత్రం నాన్నకి చెప్పండి.

గోదారవతల, సిరొంచ

మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. గోదావరి ఇవతల మేము, అవతల కాళేశ్వరం. నేను మినీ బ్యాంకు నడుపుతా, రోజూ 40, 50 మంది వేలిముద్ర పెట్టి డబ్బు తీసుకుంటరు, అందుకే ఇది రాస్తున్న.

అందరూ ఓటీపీ, ఏపీకే అంటున్నరు, మంచిదే. కానీ మీ నాన్నకి ఆధార్ లింకు ఉన్న ఖాతాలో వేలిముద్ర పెడితే డబ్బు వస్తది, దానికి ఓటీపీ లేదు, కార్డు లేదు, పిన్ లేదు. ఒక్కసారికి 10,000 వరకు. బటన్ ఫోన్ కొనిచ్చినా, అసలు ఫోన్ లేకుండా చేసినా ఈ దారి తెరిచే ఉంటది. వేలిముద్రని దొంగలు ఎట్ల తెస్తరు అంటే, 2018లో మాకు నది అవతల పెద్దపల్లి జిల్లాలోనే ఒకతను భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలు ఆన్‌లైన్‌లో దించుకుని, రబ్బరు మీద అచ్చు తీసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిండు. సిమ్‌లే కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత అదే పద్ధతిలో ఖాతాల్లోంచి డబ్బు తీసిన కేసులు చాలా చోట్ల వచ్చినయ్. మీ నాన్న పేరు మీద భూమి కాగితం ఉందా? ఉంటే ఆలోచించుకోవాల్సిందే.

ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్రకి తాళం, పెట్టుకోవచ్చు. అవసరం పడ్డప్పుడు కాసేపు తెరిస్తే సరి. చాలామంది చదువుకున్నోళ్లు ఇంతవరకు చెప్పి ఊరుకుంటరు. మా దగ్గరికి వచ్చే ముసలవ్వకి లాక్ చెయ్ అంటే ఎట్ల? ఆమె రేషన్ బియ్యానికి వేలు పెట్టాలె, పింఛనుకి వేలు పెట్టాలె, లాక్ ఉంటే మిషన్ ఎర్ర లైటు కొడ్తది, ఆమె దగ్గర తెరవడానికి ఫోన్ లేదు. అందుకే నేను అందరికీ లాక్ చెప్పను. ఇంట్లో ఫోన్ నడిపే పిల్లలు ఉన్నోళ్లకే చెప్తా. మిగిలినోళ్లకి చెప్పేది ఒకటే, వేలు పెట్టినప్పుడు చీటీ తీసుకోండి, ఒకసారి పెట్టినంక రాలేదు మళ్లీ పెట్టు అంటే, రాలేదన్న చీటీ ఇచ్చినంకనే మళ్లీ పెట్టండి. నా వృత్తి వాళ్ల మీద నేనే చెప్తున్న, ఏం అనుకోవద్దు.

బటన్ ఫోన్ మాటకి వస్తే, పర్లాకిమిడి అన్న చెప్పినట్టు ఇప్పటికి సిమ్ దాంట్లో వేయడం సరే. కానీ ఎప్పటికీ అట్లనే అంటే మీ నాన్న యూపీఐ యాప్ నడవదు, సిమ్ ఆ ఫోన్‌లో ఉంటేనే ఆ యాప్ నమోదవుతది.

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

సిరొంచ అన్న చెప్పింది కరెక్టు, నేను అంత దూరం ఆలోచించలేదు. అయితే చింతపండు వ్యాపారికి యూపీఐలో డబ్బు పంపే అవసరం ఎంత, తీసుకునే అవసరం ఎంత? తీసుకోవడమే ఎక్కువైతే అట్ట మీద అతికించిన క్యూఆర్ చాలు. చిన్న ఖాతా ఒకటి తెరిచి, కొత్త నంబరుతో యూపీఐ దానికే పెట్టి, అందులో రెండు మూడు వేలకి మించి ఉంచకుండా వారానికోసారి మీరే పెద్ద ఖాతాలోకి మార్చండి. పెద్ద ఖాతాకి ఏటీఎం కార్డు కూడా వద్దు, దానికి ఉన్న పాత సిమ్ బటన్ ఫోన్‌లో ఇంట్లోనే ఉంటుంది. దొంగ వస్తే గల్లాపెట్టె పోతుంది కానీ ఇనప్పెట్టె పోదు.

ఒకటే మాట

మంచి యాంటీ వైరస్ వేసుకుంటే ఇన్ని తిప్పలుండవు కదా.

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

అదీ ఏపీకే రూపంలోనే వస్తుంది, ఎవడో ఒకడు వాట్సాప్‌లో పంపుతాడు.

టీచరమ్మ, జయపురం

అందరూ ఫోన్ గురించి చెప్పారు, నేను నాన్నగారి గురించి చెప్తాను బాబూ. ఆ ఫైలు పంపిన వ్యాపారికి ఫోన్ చేశావా? నాకెందుకో ఆయన ఫోన్‌కి కూడా ఇదే జరిగి ఉంటుందని, డబ్బు పోయి ఉంటుందని, సిగ్గుపడి గ్రూపులో ఒక్క మాట చెప్పలేదని అనిపిస్తోంది. ఆయన ఒక్క ముక్క, నా నంబరు నుంచి వచ్చింది తెరవకండి అని రాసి ఉంటే మీ నాన్న తెరిచేవారు కాదు. మా స్కూల్లో ఒకాయనకి ఇలాగే జరిగితే మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు, ఈలోపు అదే ఫైలు ఇంకో ఇద్దరికి తగిలింది. సిగ్గు ఎందుకో నాకు అర్థం కాదు. జేబు కొట్టేస్తే బస్టాండులో నిలబడి అరుస్తాం, ఇదైతే గదిలో కూర్చుంటాం. కాబట్టి నాన్నగారి చేతే ఆ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టించు. ఆయన గొంతుతోనే, ఆయన మాటల్లోనే. నువ్వు టైప్ చేసి పెడితే ఎవరూ చదవరు.

ఇంకోటి. నీ పోస్టులో నాకు అన్నిటికంటే గుచ్చుకున్న మాట, బటన్ రంగు చూసి నొక్కాడు అన్నది. ఫోన్ మూడుసార్లు అడిగింది, వద్దనుకుంటే ఆపుకోమంది. అది ఇంగ్లీషులో అడిగింది, ఆయనకి ఇంగ్లీషు రాదు. ఎన్నేళ్లుగానో ఆ ఫోన్ ఆయనతో ఇంగ్లీషులోనే మాట్లాడుతోంది, ఎందుకంటే కొన్నరోజు నువ్వో ఇంకెవరో ఇంగ్లీషు నొక్కి ఇచ్చేశారు. మన దగ్గర ఇదో చిత్రం, కొట్లో పెట్టిచ్చేవాడు ఒడియా గాని హిందీ గాని ఇంగ్లీషు గాని పెడతాడు, తెలుగు ఉందని కూడా గుర్తుండదు. సెట్టింగ్స్‌లో భాష తెలుగు చేయడానికి అర నిమిషం పడుతుంది. మా అత్తగారి ఫోన్ నేను అలా మార్చాను, ఆవిడ ఇప్పుడు ప్రతి పెట్టెనీ పైకి చదివి, ఇదేమంటోందే అని అడుగుతారు. చిరాకు పెడతారు, నిజమే, పది రోజులు నా ప్రాణం తీశారు. కానీ చదవకుండా దేన్నీ నొక్కట్లేదు.

పట్టుకొట్టు, బరంపురం

టీచరమ్మగారూ, ఇది నాకు తట్టలేదు. మా అమ్మ ఫోన్ కూడా ఇంగ్లీషులోనే ఉంది, ఇప్పుడే వెళ్తున్నాను.

కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ యాప్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ మధ్య ప్రతి కొత్త ఫోన్‌లో అది ముందే ఉండాలని ఆర్డరిచ్చి, అందరూ గొడవ చేస్తే 2025 డిసెంబర్ మొదటి వారంలోనే వెనక్కి తీసుకున్నారు. బలవంతంగా పెట్టడం నాకూ నచ్చలేదు, నా ఫోన్‌లో సర్కారు యాప్ తీయలేనట్టుగా ఎందుకుండాలి? యాప్ వద్దనుకుంటే వెబ్‌సైట్‌లోనే మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవచ్చు. నాన్న వివరాలు బయటికి పోయాయి కాబట్టి ఒకసారి చూడండి, తెలియని నంబరు ఉంటే అక్కడే నాది కాదని నొక్కొచ్చు. ఒక మనిషి పేరు మీద 9 దాకా ఉండొచ్చు కాబట్టి ఒకటో రెండో ఎక్కువున్నా ఇలా చూసుకుంటే తప్ప మనకి తెలిసే అవకాశం లేదు.

చింతగింజ

అందరికీ చాలా థాంక్స్, ఏం జరిగిందో చెప్తాను.

1930కి శుక్రవారమే చేయాల్సింది, చేయలేదు, తెలియక. నిన్న చేశాం. అవతల ఒడియాలో అడిగారు, నేను మాట్లాడాను, ఫిర్యాదు నంబరు వచ్చింది. 5,000 ఒక ఖాతాలో ఆగి ఉందని, 19,500 తీసేసుకున్నారని ఇవాళ తెలిసింది. ఆ 5,000 చేతికి రావాలంటే ఇంకా కాగితాలు కావాలట, చూడాలి. బ్యాంకులో అర్జీ ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను, పట్టుకొట్టు అన్న చెప్పినట్టు అక్కడే నిలబడితే పావుగంటకి వేశారు. సిమ్‌లు చూస్తే నాన్న పేరు మీద మూడున్నాయి. మూడోది ఎవరిదా అని హడలిపోయాం, తీరా చూస్తే మా చిన్నాన్నకి ఎప్పుడో తీసిచ్చిందట. వేలిముద్ర లాక్ మాత్రం ఇంకా పెట్టలేదు, రేషన్ కార్డులో నాన్న వేలే పడుతుంది, ఈ నెల బియ్యం తెచ్చుకున్నాక చూస్తాను.

టీచరమ్మగారు అన్నది అక్షరాలా నిజం. ఆ వ్యాపారికి నాన్న ఫోన్ చేస్తే మొదట ఏమీ లేదన్నాడు. నాన్న తనది పోయిందని చెప్పాక అప్పుడు మెల్లగా, నాది 38,000 పోయింది, ఇంట్లో కూడా చెప్పలేదు అన్నాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, చింతపండు ధర గురించి కూడా. ఫోన్ పెట్టేశాక నాన్న అన్నం అడిగాడు.

గ్రూపులో వాయిస్ పెట్టాడు, నిమిషంన్నర ఉంది, అందులో సగం ఆ పేజీని తిట్టడమే. దానికి ఏడుగురు జవాబిచ్చారు, అందులో ఇద్దరు తమకీ అది వచ్చిందనీ తెరిచామనీ చెప్పారు. వాళ్లకి పర్లాకిమిడి అన్న రాసింది చదివి వినిపించాను, వాళ్లలో ఒకాయన ఇంకా సిమ్ తీయలేదు.

ఫోన్ రీసెట్ చేసి భాష తెలుగు పెట్టాను. బటన్ ఫోన్ కూడా కొన్నాం, 1,200, పాత సిమ్ దాంట్లో వేసి దేవుడి గూట్లో పెట్టాడు. పెద్ద ఫోన్ ముట్టనన్న మనిషి నిన్న రాత్రి తనే తీసి, నేను చూపించమంటే ఆ బయటి యాప్‌ల సెట్టింగ్ దాకా వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు. ఈ సోర్స్ నుంచి అనుమతించాలా అని ఉంది అక్కడ. కాసేపు దాన్నే చూసి నా వైపు తిరిగి, "సోర్సంటే ఎవడ్రా?" అన్నాడు.